బంగారు పళ్లకు జీడి నూనె

యాపిల్ కంపెనీ తయారు చేయని కంప్యూటర్లో ఆ కంపెనీ సొంత వ్యవస్థ మాకోస్‌ని నడిపించడమంటే పిలవని పెళ్లికి వెళ్లి ముందు వరసలో కూర్చోవడం లాంటిది. కూర్చోవచ్చు. కానీ ఎవరూ విస్తరి వెయ్యరు. తెర వెలుగుతుంది, బొమ్మలు వస్తాయి, కాళ్లావేళ్లా పడితే శబ్దం కూడా వస్తుంది. వైఫై మాత్రం రాదు. అలా చేయడానికి ఆ కంపెనీ నిబంధనలు ఒప్పుకోవని కూడా నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఎందుకు చేశానో చెప్పాలి. మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డున ఒక ఊరు. చేపల వేటకు వెళ్లే కుటుంబం. అమ్మా నాన్నా తొందరగా పోతే నన్ను చదివించింది మా అక్క, పలాసలో జీడి పిక్కలు కొట్టి. టెక్కలిలో ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఐఫోన్లలో నడిచే యాప్‌లు చేయడం నా పని. అవి మాకోస్ మీదే తయారవుతాయి. కాస్త నిలదొక్కుకున్నాను అనుకునేసరికి అక్కకి కిడ్నీలు పోయాయి. మా వైపు ఇంటింటా ఉన్న జబ్బది, ఆ మాట చెబితే ఎవరూ ఉలిక్కిపడరు. డయాలసిస్ ఎక్కడ చేయిస్తున్నారని అడుగుతారు, అంతే.

పలాసలో చేయిస్తున్నాం. మంగళ, గురు, శనివారాల్లో వెళ్లాలి. బావ తెల్లవారకముందే పడవ దించుతాడు, దించకపోతే పొయ్యి వెలగదు. వాళ్లకి పిల్లల్లేరు. అక్కని ఆటో ఎక్కించి తీసుకెళ్లి, పూటంతా మంచం పక్కన కూర్చుని, తిరిగొచ్చేటప్పుడు కళ్లు తిరిగితే పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నేను సెలవు పెట్టి వచ్చి ఆ మనిషినయ్యాను. సెలవు అయిపోవచ్చింది. ఇంటి నుంచే పని చేస్తానని మేనేజరుని బతిమాలాను.

“కంపెనీ మెషీన్లు ఆఫీసు గడప దాటవమ్మా” అన్నాడాయన. “నీ దగ్గర సొంతంగా ఏదైనా ఏర్పాటు ఉంటే నెలాఖరు సోమవారం నాటికి కొత్త యాప్ అక్కడి నుంచే పంపించు. వీడియో కాల్‌లో కనిపించు. అది జరిగితే ఉండిపో. జరక్కపోతే వచ్చేయాలి మరి.”

మంచివాడే. అంతకంటే ఏం చేస్తాడు. టెక్కలిలో చదువుకునేటప్పుడు విడిభాగాలు తెచ్చి బిగించుకున్న కంప్యూటరు ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పడి ఉంది. దానికి మాకోస్ ఎక్కించాను. ఎక్కింది. ఆ రోజు నేను ఇంట్లో నడిచిన నడక చూసి అక్క, “ఏటే, రాజ్యం గెలిసినట్టు తిరుగుతన్నావు” అంది. వైఫై లేదని తెలిసేసరికి ఆ రాజ్యం పోయింది.

మా ఇంట్లో సిగ్నలు ఉండదు, డాబా మీద ఉంటుంది. బావ ఒక వెదురుగెడకి ప్లాస్టిక్ కవర్లో నా ఫోను కట్టి డాబా మీద నిలబెట్టాడు. ఆ ఫోను నుంచి ఇంటర్నెట్ గాలిలో కిందకి దిగుతుంది. దాన్ని అందుకోవాలంటే కంప్యూటర్లో వైఫై కార్డు పలకాలి. నా మెషీన్లో ఉన్న కార్డు మాకోస్‌కి కిట్టదు. సోంపేటలో కొన్న, బయట గుచ్చే వైఫై డాంగిల్‌ని అది అసలు ఖాతరు చేయలేదు. ఫోనుకి తీగ వేసి చూశాను, అదీ లాభం లేదు.

“కంప్యూటరే డాబా మీదకి ఎత్తేద్దుమా” అన్నాడు బావ.

“ఎత్తేసి? నన్ను కూడా గెడకి కడతావా?”

“ఊరికే అన్నానే. ముక్కు మీద కోపం నీకు.”

కోపం ఉన్న మాట నిజమే. కానీ ఆ రోజుల్లో కోపం కంటే పెద్దది ఒకటి నాలో మొదలైంది. దానికి ఏ పేరు పెట్టాలో తెలియక ఎవరికీ చెప్పలేదు. సహాయం కోసం ఇంటర్నెట్‌లో వెతకడానికి డాబా ఎక్కి, గోడ నీడన కూర్చుని, గెడ మీది ఫోను దించి చదివేదాన్ని. నాలాగా పిలవని పెళ్లికి వెళ్లినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కంపెనీలు వదిలేసిన కార్డులని మళ్లీ పలికించడానికి ఎవరెవరో కూర్చుని ప్రోగ్రాములు రాశారు. కొత్త మాకోస్ పాత కార్డులని ఇంట్లోంచి గెంటేస్తే, వెనక తలుపు తీసి లోపలికి తెచ్చే ప్యాచ్‌లు రాశారు. రాసి ఊరికే ఇచ్చేశారు. వాళ్ల ఊరేదో, ముఖమేదో తెలియదు. ఉద్దానంలో ఒక ఆడపిల్ల తన అక్క దగ్గర ఉండిపోవడానికి ఇది పనికొస్తుందని వాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు. ఎవరికోసమో కూడా తెలియకుండా మనిషి ఇంత కష్టపడతాడా అని నాకు ఒళ్లు గగుర్పొడిచింది. పక్కింటివాళ్లకి పులుపెక్కిన మజ్జిగ ఇవ్వడానికి కూడా ఆలోచించే జనాన్ని చూసి పెరిగినదాన్ని మరి.

వాళ్లు చెప్పిన దారి ఒకటే. పాత యాపిల్ కంప్యూటర్లు విప్పినప్పుడు తీసిన వైఫై కార్డు తెప్పించుకోవాలి. దాన్ని ఒక అడాప్టరు బిళ్లకి బిగించి అమ్ముతారు. ఆ బిళ్లకి కింద అంచున బంగారు రంగు పళ్లుంటాయి. ఆ పళ్లు మెషీన్ లోపలి గాడిలో దిగాలి. దిగితే కార్డు కనపడుతుంది. కనపడ్డాక ప్యాచ్ వేస్తే పలుకుతుంది. ఆర్డరు పెట్టాను.

మా ఊరికి కొరియర్ రాదు, పలాసలో తీసుకోవాలి. అది వచ్చిందని ఫోను వచ్చిన రోజు అక్కకి నలతగా ఉంది, నేను కదల్లేదు. బావ ఎలాగూ పలాస వెళ్తున్నాడు, పడవకి జీడి నూనె తేవడానికి. జీడి పిక్కల తొక్కల నుంచి తీసే నల్లటి నూనె అది. మా తీరంలో చెక్క పడవకి ఏటా పూస్తారు, ఉప్పునీరు తినెయ్యకుండా, చెదలు పట్టకుండా. పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి తగిలితే పొక్కిస్తుంది. బావ డబ్బా నూనె, నా ప్యాకెట్టు ఒకే సంచిలో వేసుకొచ్చాడు. అక్క పక్క నుంచి లేవక ఆ రాత్రి నేను అడగలేదు. మర్నాడు వేటకి వెళ్లలేదు, పడవకి నూనె పూశాడు. ఆ సాయంత్రం ప్యాకెట్టు నా చేతికిచ్చాడు. విప్పి ఉంది.

“పగిలిందేటోనని ఇప్పి సూసినాను” అన్నాడు.

నాకు తొందర. ఇంకేమీ అడగలేదు. పళ్లు కాస్త గోధుమరంగులో ఉన్నాయి. పాత సామాను కదా, రంగు మారి ఉంటుందనుకున్నాను. వాసన వచ్చిందా అంటే, ఉద్దానంలో పుట్టిన ముక్కుకి జీడి వాసన అసలు వాసన కిందే లెక్క కాదు. ఇంటి నిండా, బావ లుంగీ నిండా అదే వాసన. బిళ్లని గాడిలోకి నొక్కి, మూత బిగించి, మెషీన్ ఆన్ చేశాను.

కార్డు కనపడలేదు.

మళ్లీ తీశాను, పెట్టాను. వేరే గాడిలో పెట్టాను. సెట్టింగుల ఫైలు మొత్తం తిరగరాశాను. ప్యాచ్ పాతది వేశాను, కొత్తది వేశాను. ఒకసారి మాకోస్ లేవడమే మానేస్తే దాన్ని మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. తల ప్రాణం తోకకి వచ్చింది. డాబా ఎక్కి ఆ తెలియని మనుషులకి నా గోడు రాశాను. వాళ్లలో ఒకతను, ఏ దేశమో తెలియదు, జవాబిచ్చాడు. అదే మెషీన్లో ఉన్న విండోస్‌లో చూడమన్నాడు. అందులోనూ కనపడకపోతే లోపం ప్రోగ్రాములో లేదు, ఇనుములో ఉందని అన్నాడు. చూశాను. అందులోనూ లేదు. కార్డు చచ్చిపోయిందని తేల్చుకున్నాను. ఇంకోటి తెప్పించడానికి సోమవారం లోపల వ్యవధి లేదు.

ఆ రోజు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడే సాహసం చేయలేదు. బావ వల బాగుచేసుకుంటూ నావైపు ఓరగా చూసి, “పోనీలే మరదలా” అన్నాడు. “పోనీలేనా? ఏం పోనీలే?” అని అరిచాను. పాపం, వల తీసుకుని ఇసకలోకి వెళ్లి కూర్చున్నాడు.

మర్నాడు శనివారం, అక్కకి డయాలసిస్. ఆ గదిలోకి ఎన్నిసార్లు వెళ్లినా నాకు అలవాటు కాదు. మనిషి ఒంట్లోని రక్తం గొట్టంలోంచి బయటికి వస్తుంది, ఒక యంత్రం చుట్టూ తిరుగుతుంది, మంచి చెడూ వేరై మళ్లీ ఒంట్లోకి పోతుంది. ఆ మంచాల మీద జనం దాని వంక చూడను కూడా చూడరు. ఒకావిడ కూతురి పెళ్లి సంగతులు చెబుతుంటుంది, ఒకాయన నిద్రపోతుంటాడు. ప్రాణం అలా బయట తిరుగుతుంటే జీడి ధర గురించి మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ఆ గొట్టం వంక చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ రోజు ఆ గొట్టం వంక చూస్తూనే చెప్పాను. “అక్కా, సోమవారం కుదరదు. నేను వెళ్లిపోవాలి.”

అక్క ఖాళీగా ఉన్న చెయ్యి చాపింది. నా చెయ్యి ఇచ్చాను. నిమురుతూ నిమురుతూ ఆగిపోయింది. నా వేళ్లని దగ్గరికి లాక్కుని చూసింది.

“ఈ ఏళ్లకేటయిందే?”

“ఏమో. దురద పెడుతున్నాయి. ఏదో పడలేదు.”

“పడకపోడమేటి. జీడి పొక్కులివి. నాకు తెలీదా?”

“నేను జీడి ముట్టుకోలేదు.”

“మరి ఏటి ముట్టుకున్నావు?”

ఆలోచించాను. ఈ నాలుగు రోజులూ అన్నం కూడా చెంచాతో తిన్నాను, ఒక చేత్తో స్క్రూ డ్రైవరు పట్టుకుని. నేను ముట్టుకున్నదల్లా ఆ కార్డు. పళ్ల దగ్గర పట్టుకుని తీయడం, పెట్టడం. పొక్కులు సరిగ్గా బొటనవేలికీ చూపుడువేలికీ ఉన్నాయి.

“ఆ కార్డు” అన్నాను. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అక్క ముఖంలో నవ్వు ఎక్కడి నుంచి మొదలైందో చూశాను, పెదవుల చివర నుంచి. “మీ బావ” అంది, ఇంకేమీ అనలేకపోయింది. యంత్రం కుయ్‌మని మోగేదాకా నవ్వింది. నర్సు పరుగెత్తుకొచ్చి, “కదలకమ్మా, సూది కదిలిపోతాది” అని కేకలేసింది. అక్కని అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. నేను నవ్వలేదు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఇంటికెళ్లే దారంతా ఆటోలో బావని తిట్టడానికి మాటలు ఏరుకుంటూ కూర్చున్నాను. మంచి మంచివి దొరికాయి.

బావ గుమ్మంలోనే ఉన్నాడు. సంచీ కింద పెట్టకుండానే అడిగాను.

“బావా, ఆ కార్డుకి ఏం రాశావు?”

“ఏటి రాత్తాను. జీడి నూనే.” తప్పు చేసినవాడి గొంతు కాదు అది. కిటికీకి రంగు వేసినవాడు చెప్పినట్టు చెప్పాడు. “పడవకి పూయగా కూసింత మిగిలింది. ఆ పళ్లకి పల్సగా పూసి గుడ్డతో తుడిసి ఎండలో పెట్టినాను. ఉప్పుగాలికి తినేత్తాది కదా. మన రేడియో ఏటయింది, ఫ్యాను ఏటయింది? ఏదీ బతకదు ఇక్కడ.”

“నాతో ఒక్క మాట చెప్పచ్చు కదా?”

“నూనె రాసినానని సెప్తారేటి ఎవులైనా?” అని, నా చేతిలోని సంచీ అందుకుని, “అది పాడైపోతే నువ్వెలిపోవాల కదా. మీ అక్కకి ఎవులున్నారు” అన్నాడు.

ఏరుకొచ్చిన తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. నన్ను ఊళ్లో ఉంచడానికి తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు మా బావ. ప్రాణం పెట్టి చూసుకునే పడవకి ఏం చేస్తాడో దానికీ అదే చేశాడు. ఆ పళ్లలోంచి కరెంటు పోవాలని, వాటిమీద మందపాటి పొర కాదు కదా పల్చటి నూనె పొర ఉన్నా పోదని ఆయనకి ఎవరు చెప్పారు? నేనెప్పుడైనా చెప్పానా? నాకు ఏడుపొచ్చింది. అక్క ముందు ఏడవకూడదని వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగినట్టు నటించాను.

బయటికి వచ్చి చెప్పాను, నూనె ఎందుకు తీయాలో. బావ ముఖం నల్లబడిపోయింది. ఒక్క నిమిషమే. “ఇలా తే” అన్నాడు. పొక్కకుండా చేతులకి కొబ్బరి నూనె రాసుకుని, కార్డుని ఒళ్లో గుడ్డ మీద పెట్టుకున్నాడు. ఇంట్లో శానిటైజర్ ఉంది, పెన్సిలు రబ్బరు ఉంది. పంటి తర్వాత పన్ను, అటూ ఇటూ, తడిపి రుద్ది తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, మళ్లీ రుద్దాడు. జీడి నూనె ఒకసారి ఎండితే వదిలే రకం కాదు. తొందరపెట్టకుండా నేను పక్కన కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. గాడి లోపల అంటిన జిగురుని పాత పళ్ల బ్రష్షుతో నేను తీశాను. చివరికి బంగారం మెరిసింది.

పొద్దు వాలుతుండగా బిళ్లని మళ్లీ పెట్టాను. నేను చిందరవందర చేసిన సెట్టింగులన్నీ తీసేసి, ఆ తెలియని మనుషులు మొదట్లో చెప్పినవే ఉంచాను. మాకోస్ లేచింది. కార్డు కనపడింది. ప్యాచ్ వేసి మళ్లీ లేపాను. తెర పైన మూల, ఇన్నాళ్లూ బోసిగా ఉన్నచోట, విసనకర్ర లాంటి ఆ చిన్న గుర్తు వచ్చింది. నొక్కాను. జాబితా దిగింది. అన్నిటికంటే పైన నా ఫోను. కింద బడి వెనకాల ఇంటివాళ్లది, రొయ్యల చెరువు షెడ్డుది, ఇంకా ఎవరివో నాకు తెలియనివి.

నేను కదల్లేదు. ఇవన్నీ ఇంతసేపూ ఇక్కడే ఉన్నాయి. ఈ గదిలోనే, నా మొహం మీదుగా, అక్క మంచం మీదుగా, కొబ్బరాకుల మధ్య నుంచి, ఏ ఆకునీ కదపకుండా. చదువుకున్నదాన్నే, పరీక్షలో తరంగాల మీద జవాబులు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా ఆ క్షణంలో దేవుడి గదిలో నిలబడ్డట్టు నిలబడ్డాను.

బావ నా భుజం మీదుగా తొంగి చూశాడు. “ఈ పేర్లన్నీ ఏటి?”

“గాలిలో ఉన్నవి.”

“ఈ గాలిలోనా?”

“ఈ గాలిలోనే.”

ఆయన గుమ్మం బయటికి చూశాడు, సముద్రం వైపు. గాలిని చూసి పడవ దించాలో వద్దో చెప్పే మనిషి. ఎంతో సేపు చూశాడు. “వాన వొత్తే తడిసిపోవా ఇవి?” అని అడిగాడు. నేను నవ్వలేదు. తడవవు అన్నాను. “నాకు తెలిసినది ఎంతలే ఐతే” అన్నాడు నెమ్మదిగా, తనలో తను.

ఏ దేశమో తెలియని ఆ మనిషికి జవాబు రాశాను. కార్డు బతికింది, మా బావ దానికి పడవ నూనె పూశాడు అని. అర్థమైందో లేదో, చాలా సంతోషం అని రాశాడు. ఆదివారమంతా పని చేశాను. సోమవారం యాప్ వెళ్లింది. కాల్‌లో మేనేజరు నా ముఖం చూసి, నా వెనక వేలాడుతున్న వల చూసి, “సరేనమ్మా, అక్కడే ఉండు” అన్నాడు. ఇంతకాలం పట్టిన పనికి అంత చిన్న మాట.

అక్కకి వెంటనే చెప్పాను. ఊఁ అంది, అంతే. పెద్దగా సంతోషపడినట్టు కనపడలేదు. నాకు కాస్త కష్టం వేసింది, చెప్పొద్దూ.

మర్నాడు పలాస నుంచి తిరిగొస్తున్నాం. ఆటోలో మేమిద్దరమే. జీడితోటల మధ్య రోడ్డు. అక్క నా భుజానికి ఆనుకుని కళ్లు మూసుకుంది, నిద్రపోయిందనుకున్నాను.

“నువ్వెలిపోతే ఇంక రాకూడదనుకున్నాను” అంది, కళ్లు తెరవకుండానే.

“ఎక్కడికి?”

“ఆసుపత్రికి.”

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ ముఖం వంక తిరిగాను.

“మీ బావని ఏటకి పోకుండా ఎన్నాళ్లు కూకోబెడతాను? ఒక్కదాన్నీ రాలేను. మానేత్తే నాలుగు రోజులు, కాకపోతే వారం, అంతే కదా. ఆలోసించి పెట్టుకున్నాను. శనివారం నువ్వు ఎలిపోతానన్నప్పుడే.” నా భుజం మీద తల సర్దుకుని, “ఇప్పుడు మానన్లే” అంది.

ఆ శనివారం ఆవిడ నా చెయ్యి ఎందుకు చాపి పట్టుకుందో అప్పుడు తెలిసింది. సెలవు తీసుకుంటోంది. ఆటో గతుకులో పడి లేచింది, డ్రైవరు వెనక్కి తిరిగి నెమ్మదిగా పోనా అని అడిగాడు. పోనిమ్మన్నాను. రెండు చేతులతో అక్కని పట్టుకున్నాను. ఊరు వచ్చి ఆటో ఆగాక కూడా దిగడం తోచలేదు.